కృపామణి జాకెట్టు

ఎస్తేరు రాణి విశాఖపట్నంలో ఫ్యాషన్ డిజైన్ మూడో ఏడు చదువుతోంది. ఆ శుక్రవారం సాయంత్రం నర్సీపట్నం కాంప్లెక్సులో బస్సు దిగేసరికి చంకలో పెట్టుకున్న చార్టుల చుట్ట నలిగి అప్పడమైపోయింది. సరిచేద్దామని కూడా అనిపించలేదామెకి. ఆ బొమ్మలు పనికిరావని పొద్దున్నే తేలిపోయింది.

చలికాలంలో లంబసింగి వెళ్లి తీసుకున్న ఫొటోలు చూసుకుంటూ వేసిన బొమ్మలవి. మంచులో సగం కనిపించీ కనిపించని కొండలు, కాఫీ మొక్కల కింది నీడలు, ఆ రంగులన్నీ నేల మీద జీరాడే గౌన్లలోకి తెచ్చింది. వాటి కోసం నెలంతా పడిన కష్టం ఇంతా అంతా కాదు. ప్రాజెక్టు చూసే రోజారమణి మేడమ్ ఒక్కో చార్టూ ఓపిగ్గా చూసి, బాగున్నాయనే అంది. ఆ తర్వాత, వీటిని ఎవరు వేసుకుంటారమ్మా అని అడిగింది. ఎస్తేరు చార్టులు చుట్టడం మొదలుపెట్టింది. ముందు ఒక మనిషిని పట్టుకో, ఆ మనిషికి ఏం కావాలో కనుక్కో, అది కుట్టుకురా అని చెప్పి పంపేసింది మేడమ్. ప్రాజెక్టులకి మార్కులు వేసే జ్యూరీకి మూడు వారాలే ఉంది.

ఇంట్లో ఉండేది నాన్న జాన్ బాబు. బోరు మోటార్లు బాగుచేసే షాపు ఆయనది. వెనక వాటాలో ఆయన అక్క కృపామణి ఉంటుంది. ఎస్తేరు చిన్నతనంలోనే తల్లి పోతే, జడ వేయడం దగ్గర్నుంచి పెంచిందంతా ఈ మేనత్తే. మిషన్ స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పి రిటైరైన మనిషి. ఆదివారం గుడిలో క్వయిర్‌ని నడిపించేది కూడా ఆవిడే. ఆవిడ ఎత్తుకుంటే తప్ప కీర్తన మొదలయ్యేది కాదు.

కిందటేడు ఆవిడకి ఎడమ రొమ్ము తీసేశారు. అప్పుడు ఎస్తేరుకి పరీక్షలు. ఆసుపత్రి పనులన్నీ నర్సులూ జాన్ బాబూ చూసుకున్నారు. మందులన్నీ అయ్యాక తీసిన రిపోర్టుల్లో ఏమీ లేదని, ఇక ఆరునెలలకోసారి వచ్చి కనిపిస్తే చాలని డాక్టర్లు చెప్పారు. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. కానీ కృపామణి మాత్రం గుడికి వెళ్లడం మానేసింది. పగలూ రాత్రీ వదులు నైటీ, దాని మీద శాలువా. ఎవరైనా అడిగితే మోకాళ్లు పట్టేశాయనేది.

మనిషి బెంగపెట్టుకుందని అందరూ అనుకున్నారు. పాస్టర్ దయాకర్ బాబు గారు ఇంటికొచ్చి ఆవిడకి ధైర్యం ఇమ్మని చాలాసేపు ప్రార్థన చేసి వెళ్లారు. జాన్ బాబు ఎవరినో అడిగి నిద్ర మాత్రలు తెచ్చాడు. అవి డ్రాయరులోనే ఉన్నాయి. ఎస్తేరు తన వంతుగా ఫోన్లో మంచి మాటల వీడియోలు పంపేది. అన్నీ చూసి, బాగున్నాయే అనేది అత్త.

శనివారం మధ్యాహ్నం చేపల పులుసు గిన్నె పట్టుకుని ఎస్తేరు వెనక వాటాకి వెళ్లింది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పిలిస్తే పలుకు లేదు. మళ్లీ పిలిచింది. అప్పుడు లోపల్నుంచి, దుప్పటి ముసుగులోంచి వచ్చినట్టు అత్త గొంతు వినిపించింది.

"మీ నాన్న ఉన్నాడేటే?"

షాపుకెళ్లాడని చెప్పింది ఎస్తేరు.

"అయితే కిటికీలోంచి సెయ్యి పెట్టి గడియ తియ్యి. బేగి. ఎవర్నీ పిలవకు."

లోపలికి వెళ్లి చూస్తే అత్త బీరువా ముందు నిలబడి ఉంది. లంగా కట్టుకుంది, పైన జాకెట్టు సగమే దిగింది. ఎడం చెయ్యి వెనక్కి పోదు కాబట్టి, వీపు వైపు ఉండే హుక్కులన్నీ ముందుగానే పెట్టేసి, బనీనులా తల మీంచి తొడుక్కోబోయింది. ఆపరేషన్ తర్వాత ఆ చెయ్యి వాచి, వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు. చెయ్యి మోచేతి దగ్గర ఇరుక్కుంది. జాకెట్టు మొహం మీద బిగుసుకుంది. పైకీ పోదు, కిందికీ రాదు. చాలాసేపటి నుంచి అలాగే నిలబడి ఉంది.

ఎస్తేరు కంగారుగా హుక్కుల కోసం వెతికింది. అవి అందే చోట లేవు. కుట్లు విప్పుతాను, కాస్త ఓర్చుకోమంది.

"కొయ్యవే," అంది అత్త గుడ్డలోంచి.

"మంచి జాకెట్టు అత్తా."

"కొయ్యమంటే కొయ్యి."

బల్ల మీద పరిచిన గుడ్డ ఎంతైనా కోసింది ఎస్తేరు. మనిషి ఒంటి మీద బిగుసుకున్న గుడ్డని ఎప్పుడూ కోయలేదు. కత్తెరకీ చర్మానికీ మధ్య తన వేళ్లు దూర్చి, మెడ దగ్గర మొదలుపెట్టి భుజం మీదుగా చేతి చివరిదాకా మెల్లిగా కోసుకుంటూ పోయింది. చివరి కుట్టు తెగగానే జాకెట్టు విచ్చుకుని జారిపోయింది. కృపామణి గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలింది. మొహమంతా ఎర్రగా కందిపోయి, జుట్టు చెమటకి అంటుకుపోయి ఉంది.

తువ్వాలు అందుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు. ముందు చెయ్యి రుద్దుకుంది. ఎస్తేరు మొదటిసారి చూసింది. ఒకవైపు చదునుగా ఉంది, చంక దాకా ఏటవాలుగా మానిన గీత. అంతే. ఇన్నాళ్లూ అటు చూడటానికి తను ఎందుకంత భయపడిందో ఆమెకే అర్థం కాలేదు. తువ్వాలు తెచ్చి కప్పింది, మంచినీళ్లిచ్చింది, తెరిచిన తలుపు దగ్గరగా వేసి వచ్చి పక్కన కూచుంది.

అప్పుడు చెప్పింది కృపామణి. రేపు గుడికెళ్దామని ముందుగా వేసి చూసుకుందట. ప్రతి వారమూ ఇదే తంతు. ఆదివారం పొద్దున్నే లేచి ఒక్కో జాకెట్టూ ప్రయత్నిస్తుంది. చెయ్యి ఎక్కితే హుక్కులందవు, హుక్కులు పెడితే చెయ్యి దూరదు. ఎలాగో వేసుకున్నా ఎడమవైపు దూది కుక్కాలి, అది కాసేపటికి మెడ దగ్గరికి ఎక్కి వస్తుంది. ఈలోగా గంట కొట్టేస్తారు. కొత్తది కుట్టించుకుందామంటే దర్జీ మగవాడు. అతని ముందు నిలబడి కొలతలివ్వాలి, ఎందుకు మారాయో చెప్పాలి.

ఎస్తేరు నోరు తెరుచుకుని వింది. ఇల్లంతా, సంఘమంతా ఏడాదిగా ఈ మనిషి బెంగని గురించి బెంగపెట్టుకుంటే, అసలు సంగతి జాకెట్టు.

"మరి పాస్టర్ గారు అంతసేపు ధైర్యం కోసం ప్రార్థన చేస్తుంటే ఊరుకున్నావేం?"

"ఏటి సెప్పమంటావు? ధైర్యం ఉందండీ, జాకెట్టే ఎక్కట్లేదు, దాని కోసం ప్రార్థన సెయ్యండి అని సెప్పమంటావా?"

ముందు ఎస్తేరుకి నవ్వొచ్చింది, ఆమెని చూసి అత్తకి. ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక ఎస్తేరు, నన్నెందుకు అడగలేదు అంది. నువ్వు గౌన్లు కదమ్మా కుట్టేది, జాకెట్టు కుట్టమని ఎలా అడగను అంది అత్త. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అలా అనుకుంది ఆవిడ. ఎస్తేరుకి మాత్రం మేడమ్ అడిగిన ప్రశ్న గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

కొలతలు తీసుకుంటానంటే కృపామణి సరేనంది, ఒక షరతు మీద. "కాలేజీలో నా పేరు రాకూడదు. నా మొహం ఎవరికీ సూపించకూడదు." ఎస్తేరు మాటిచ్చేసింది. కుట్టింది వేసుకున్న మనిషి ఫొటోలు ప్రాజెక్టు ఫైలులో పెట్టాలన్న సంగతి తర్వాత, భోజనం చేస్తుంటే గుర్తొచ్చింది. కానీ అప్పటికే మాటిచ్చేసింది.

ఆ రాత్రే చవక తెల్లగుడ్డతో ఒకటి కుట్టి చూసింది. అమ్మ వాడిన పాత మిషను మీద కుట్టడం వల్ల కుట్లు వంకర పోయాయి గానీ, కాలేజీలో బల్ల మీద నెలరోజులు పడ్డ అవస్థ ఇక్కడ లేదు. ఏ ముక్క ఎందుకో తెలుస్తూనే ఉంది. తను కత్తెరతో ఎక్కడ కోసిందో అక్కడే జాకెట్టు తెరుచుకునేలా పెట్టింది. మెడ నుంచి ఎడమ చేతి చివరిదాకా టిచ్ బటన్లు. చెయ్యి పైకెత్తక్కర్లేదు, వెనక్కి తిప్పక్కర్లేదు, గుడ్డే వచ్చి చెయ్యి చుట్టూ మూసుకుంటుంది. వాపు పెరిగినా తగ్గినా ఇబ్బంది లేకుండా చంక కింద ఒక అదనపు ముక్క. లోపల ఎడమవైపు మెత్తటి సంచి. మొదట బటన్లు సరిగ్గా భుజం మీద పడ్డాయి. పైట బరువుకి గుచ్చుకుంటున్నాయని అత్త అంటే, తర్వాతి వారం వచ్చినప్పుడు వాటిని కాస్త ముందుకు జరిపింది.

సంచిలో ఏం పెట్టాలన్నది తేలడానికే ఎక్కువ రోజులు పట్టింది. దూదికి బరువు లేదు, పైకి తేలుతుంది. చోళ్ల గింజలు పోసి కుడితే బరువు చక్కగా కుదిరింది గానీ, ఒక పూట వేసుకుని తిరిగేసరికి చెమటకి తడిసి వాసనొచ్చింది. ఇంకో రెండు రోజులుంటే మొలకలొస్తాయే అని తీసి చేతిలో పెట్టింది అత్త. చివరికి ఫ్యాన్సీ షాపులో సన్నటి ప్లాస్టిక్ పూసలు కొనుక్కొచ్చి, గలగలమనకుండా చుట్టూ దూది పొర పెట్టి కుట్టింది. దాన్ని సంచిలో పెట్టుకుని కృపామణి గదిలో అటూ ఇటూ నడిచింది, వంగింది, లేచింది. అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకుంది. ఆ పూట శాలువా కప్పుకోలేదు.

జ్యూరీకి బయటి కాలేజీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మిగతా పిల్లలు మోడళ్లని నడిపించారు, పాటలు పెట్టారు. ఎస్తేరు ఒక్క జాకెట్టు నిలువెత్తు బొమ్మకి తొడిగి నిలబెట్టింది. ఫైలు తిరగేసి, వేసుకున్న మనిషి ఫొటోలేవని ఆవిడ అడిగింది. వద్దన్నారండీ, ఇవ్వలేను అంది ఎస్తేరు. ఫొటోలకి మార్కులున్నాయని తెలుసా అంటే, తెలుసండీ అంది. రోజారమణి మేడమ్ కిటికీ వైపు చూస్తోంది.

పెద్దావిడ లేచి వచ్చి, బొమ్మ మీంచి జాకెట్టు తీసి, తన చీర మీదే దాన్ని ఎడమ చేతికి చుట్టుకుని, కుడి చేత్తో ఒక్కో బటనూ నొక్కి చూసింది. అవి భుజం మీద కాకుండా ముందుకెందుకున్నాయని అడిగింది. పైట బరువుకి గుచ్చుకుంటున్నాయన్నారు, అందుకని జరిపానండీ అని చెప్పింది ఎస్తేరు. లోపలి సంచిలో వేళ్లు పెట్టి పూసల మెత్త తీసి అరచేతిలో కాసేపు పట్టుకుంది పెద్దావిడ. ఉతకొచ్చా అని మాత్రం అడిగి, మళ్లీ జాగ్రత్తగా దాని చోట పెట్టేసింది.

సాయంత్రం మేడమ్ వరండాలోకి వచ్చి, ఫొటోల మార్కులు పోయాయి, మిగతావి దాదాపు అన్నీ వచ్చాయి, పాసయ్యావు అని చెప్పింది. ఎస్తేరు అక్కడే మెట్ల మీద కూలబడి సీసాలో నీళ్లన్నీ తాగేసింది. పొద్దుట్నుంచి ఏం తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. క్యాంటీనుకి వెళ్లి పూరీ తిని, నాన్నకి ఫోను చేసింది.

అసలు పరీక్ష ఆదివారం అయింది. కృపామణి తెల్ల చీర కట్టుకుని, తనంతట తనే జాకెట్టు వేసుకుని, గంట కొట్టకముందే వాకిట్లో సిద్ధంగా నిలబడింది. జాన్ బాబు గబగబా స్కూటరు తీశాడు. గుడిలో క్వయిర్ వాళ్లు పక్కకి జరిగి ఆవిడ పాత చోటు ఆవిడకిచ్చారు. ఎస్తేరు వెళ్లి ఆడవాళ్ల వరసలో కూచుంది. నిలబడితే, నడిస్తే ఫరవాలేదు, అవన్నీ చూసుకుంది. పాడితే? కీర్తన పైస్థాయికి వెళ్లేటప్పుడు అత్త ఎంత గాలి పీలుస్తుందో ఆమెకి తెలుసు. అప్పుడు బటన్లు పటపటా ఊడిపోతే?

అత్త ఎత్తుకుంది. మొదటి చరణమంతా ఎస్తేరు పాట వినలేదు, భుజం వైపే చూస్తూ కూచుంది. పల్లవి పైకి వెళ్లింది. పైట కాస్త కదిలింది. ఏడాదిగా సాధన లేక గొంతు ఒకచోట జీరపోయింది, అయినా అత్త ఆగలేదు. వెనకవాళ్లని అందుకోమంటూ, పూర్వపు అలవాటు కొద్దీ ఎడం చెయ్యి ఎత్తింది. చెయ్యి భుజం ఎత్తు దాకానే లేచింది. జాకెట్టు ఎక్కడా పట్టెయ్యలేదు, ఎక్కడా విడిపోలేదు. అప్పుడు, రెండో చరణం నుంచి, ఎస్తేరుకి పాట వినిపించింది.

బయటికొచ్చాక దయాకర్ బాబు గారు, ప్రార్థన ఆలకించబడిందమ్మా అన్నారు సంతోషంగా. అవునండీ అంది కృపామణి. ఆయన అటు వెళ్లగానే ఆడవాళ్లు చుట్టూ చేరి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. "మోకాళ్లకేటి, బాగానే ఉన్నాయి. ఆపరేషన్ అయ్యాక జాకెట్టు ఎక్కలేదు. మా పిల్ల కుట్టింది," అని పైట కాస్త జరిపి బటన్లు చూపించింది. ఎస్తేరు నిర్ఘాంతపోయింది. అందరూ వెళ్లేదాకా ఒకామె అక్కడే నిలబడి, మాకవరపాలెంలో ఉన్న తన చెల్లెలికి కూడా అదే ఆపరేషన్ అయిందని, గడప దాటడం లేదని మెల్లిగా చెప్పింది. మా ఇంటికి తీసుకురా, కొలతలప్పుడు మగాళ్లెవరూ ఉండరు అంది కృపామణి.

దారిలో ఎస్తేరు ఉండబట్టలేక అడిగేసింది. "ఎవరికీ చెప్పొద్దని నాచేత మాట తీసుకున్నావు కదా?"

"నువ్వు సెప్పడం వేరు, నేను సెప్పడం వేరు," అంది అత్త.

ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక కృపామణి చాప పరుచుకుని పడుకుంది. జాకెట్టు విప్పాలన్న ధ్యాస కూడా లేదావిడకి. ఎస్తేరు కంచాలు కడిగి వచ్చేసరికి వాచిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, నోరు కాస్త తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోతోంది.