దాలమ్మ మినహాయింపు

నేను ఒక ఉయ్యాలను. పలాసలో పనస చెక్కతో పుట్టాను. జీడితోటల ఆసామి ఒకాయన మనవడి కోసం చేయించాడు. వడ్రంగి నా నాలుగు కోళ్లకూ చిలకలు చెక్కాడు. మనవడు పెరిగి కాళ్లు బయటికి రాగానే నన్ను అటకెక్కించారు. ఎలుకలు చిలకల ముక్కులు కొరికేశాక ఆ ఇంట్లో దానబుద్ధి పుట్టి, నన్ను జీడిపప్పు కార్ఖానా పిల్లల గదికి ఇచ్చేశారు. ముక్కులు బాగుచేయించలేదు గానీ, దాత పేరు మాత్రం నా నడుము మీద పెద్ద అక్షరాలతో రాయించారు.

అక్కడి ఆయా దాలమ్మ. ఒక కాలితో నన్ను ఊపుతూ, ఒళ్లో ఒకరికి అన్నం పెడుతూ, ఇంకొకరి ముక్కు తుడిచేది. అందరిలోకీ మొండివాడు యశ్వంత్. వాడి తల్లి కుమారి గోడకవతల జీడిపిక్కలు కొట్టేది. పెంకులోని చమురు తగిలి ఆమె వేళ్లు ఎప్పుడూ పొక్కిపోయి ఉండేవి. పిల్లవాణ్ణి ఎత్తుకోవాలన్నా మోచేతులతోనే ఎత్తుకునేది.

ఇంతలో కొత్త నిబంధన వచ్చింది. పిల్లల దగ్గర పనిచేసేవారికి ఏ కేసూ లేదని పోలీసు ధ్రువపత్రం ఉండాలి. పాత కేసున్నవారు మినహాయింపు కోరవచ్చు. దాలమ్మకు కేసుంది. మొగుడు తాగొచ్చి చంటిబిడ్డను గోడకేసి కొట్టబోతే ఆమె రోకలెత్తింది. అతని మోచెయ్యి విరిగింది. ఆమె జైలుకు పోయింది. బిడ్డను అత్తవారు తీసుకుపోయి మళ్లీ చూపించలేదు.

ఇదంతా నా పక్కనే కూర్చుని దాలమ్మ చెబితే, పదో తరగతి చదివిన కుమారి దరఖాస్తు రాసింది. రాస్తూ ఏడ్చింది కూడా.

"నీకేటవదు పిన్నీ. నాను సాచ్చికం సెప్తాను కదా" అంది.

కార్ఖానా మేస్త్రీ సన్యాసిరావుకు ఆ ఆయా పని మీద కన్నుంది. తన మరదలు ప్రమీల ఖాళీగా ఉంది. విచారణ రోజు పొద్దున్నే కుమారిని ఈ గదిలోకే పిలిచాడు.

"నీకు లోపల పప్పు ఏరే పనిస్తాను. చమురు బాధ ఉండదు. నీకేటీ తెల్దని సెప్పు, సాలు" అన్నాడు.

కుమారి తన వేళ్ల వంక చూసుకుంది.

మధ్యాహ్నం విచారణ అధికారి వచ్చాడు. పిల్లల కుర్చీలు చిన్నవి కావడంతో నిలబడే అడిగాడు.

"పిల్లలు ఏడిస్తే కోపం రాదా?"

"వస్తాది బాబూ. వచ్చినప్పుడు అరుగు మీదకెళ్లి నీళ్లు తాగొస్తాను" అంది దాలమ్మ.

అతని కలం 'వస్తాది' అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. తర్వాత కుమారి వైపు తిరిగాడు.

"ఈవిడకు కేసుందని నీకు తెలుసా?"

"తెల్దండి. తెలిస్తే నా గుంటడిని ఒదులుదునా?"

"ఏటే కుమారీ! ఆ కాయితం రాసింది నువ్వు కాదేటి?" అంటూ దాలమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది.

"సాక్షిని బెదిరించకమ్మా" అన్నాడు అధికారి. ఆ మాట మాత్రం శ్రద్ధగా రాసుకున్నాడు.

మినహాయింపు రాలేదు. ప్రమీల వచ్చింది. ఆమె మీద ఏ కేసూ లేదు. పోలీసు ధ్రువపత్రాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు. ఆమె సంచిలో దగ్గుమందు సీసా ఉంటుంది. పిల్లలు రాగానే తలా ఒక మూత పడుతుంది. తర్వాత ఆమె ఫోన్ చూసుకుంటుంది. నన్ను ఊపాల్సిన అవసరమే లేదు.

కుమారి వేళ్లు మానిపోయాయి. సాయంత్రాలు వచ్చి యశ్వంత్ వేలాడే తలను భుజాన వేసుకుని, "మీ సేతి సలవ అమ్మా, రాత్రి కూడా లెగట్లేదు" అని ప్రమీలకు దండం పెడుతుంది.

పిక్కలు కొట్టే చోట కుమారి ఖాళీ చేసిన పీట మీద ఇప్పుడు దాలమ్మ కూర్చుంటోంది. నిన్న అన్నం వేళ కిటికీ దగ్గరికి వచ్చింది. పొక్కిన చేతులు ఊచలకు తగలకుండా లోపలికి తొంగి చూసింది.

"మా యశ్వంతుగాడి ఏడుపే ఇనపడట్లేదు. కొత్తమ్మ మంచిది, బాగా సూసుకుంటన్నాది" అంది, పక్కనున్న ఆమెతో.

చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను. వాడు నాలో నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. పెదవి మీద ఈగ వాలింది. వాడు కదల్లేదు.