గీకేసిన అక్షరం

సముద్రపు ఒడ్డు ఊరు కార్తహేనాలో మధ్యాహ్నం రెండు దాటితే గాలి కూడా పని మానేసి పడుకుంటుంది. నికనోర్‌కి ఆ అదృష్టం లేదు. అరవై ఏడేళ్ల మనిషి, ఫెలిసియానా పెరట్లో రేకుల నీడన స్టూలు మీద కూర్చుని, మాంటారాయ ఆంప్లిఫయర్ మూత ఊడదీసి లోపలికి చూస్తూ నిట్టూరుస్తున్నాడు. నడుము పీకుతోంది, కళ్లు మండుతున్నాయి, అన్నిటికీ మించి విసుగ్గా ఉంది.

మాంటారాయ ఆ పేట పికో, వీధి డాన్సులకు పాటలు మోగించే యంత్రం. గోడంత స్పీకరు పెట్టె, దాని ముందు గుడ్డ మీద రెక్కలు చాచిన సముద్రపు చేప బొమ్మ. ఫెలిసియానా మొగుడు రొసెందో, నికనోర్ కలిసి దాన్ని కట్టారు. రొసెందో పోయి రెండేళ్లయింది. ఇప్పుడు పికో ఫెలిసియానాది, దాని పక్కన కూర్చుని నాబ్ తిప్పే కుర్చీ నికనోర్‌ది. ఆ కుర్చీ తప్ప లోకంలో తనదంటూ ఇంకేమీ మిగల్లేదని అతనికి తెలుసు.

"కొంపాద్రే, రేపు సాయంత్రమే డాన్సు," అంది ఫెలిసియానా, కాఫీ గ్లాసు పక్కన పెడుతూ. ఆమె కూతురి జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకున్నది నికనోరే. అప్పట్నించీ అతను కొంపాద్రే, ఆమె కొమాద్రే. "పోయినవారం వాల్యూము తిప్పినప్పుడల్లా ఒకటే బరబర. ఎవడో మూకుట్లో ఇసుక వేయిస్తున్నట్టు. నీకెలా ఉందో గానీ నాకు పళ్లు జివ్వుమన్నాయి."

"నాకూ అంతే," అన్నాడు.

పచ్చి అబద్ధం. అతనికి బరబరా వినబడలేదు, గరగరా వినబడలేదు. నలభై ఏళ్లు పికో పక్కన కూర్చున్న చెవులు రొసెందో కంటే కొంచెం ముందే కన్ను మూశాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే సగం చెవితో, సగం పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. ఆదివారాలు డాన్సు చేసేవాళ్ల కాళ్లు చూసి నాబ్ తిప్పుతున్నాడు. ఈ సంగతి ఫెలిసియానాకి తెలిస్తే కుర్చీ పోతుంది. చెవిటివాణ్ణి పికో దగ్గర ఎవరు కూర్చోబెడతారు?

చెవి చెప్పలేనిది మీటరు చెబుతుందని వాల్యూము పొటెన్షియోమీటర్‌ని ఊడదీశాడు. బొటనవేలంత డబ్బీ, దానికి మూడు కాళ్లు. లోపల గుర్రపు లాడం ఆకారంలో కార్బన్ పూసిన పట్టీ, దాని రెండు కొసలకీ రెండు కాళ్లు. మూడోది నడిమి కాలు, పట్టీ మీద జారే చిన్న రేకుది. పాట ఒక కొసన వచ్చి రెండో కొసన ఎర్తులోకి పోతుంది. దారిలో రేకు ఎక్కడ నిలబడితే అక్కడికి తగినంత పాటను తీసి నడిమి కాలికి ఇస్తుంది. నాబ్ తిప్పడమంటే ఆ రేకును నడిపించడమే.

నడిమి కాలికీ ఒక కొసకీ మీటరు తగిలించి మెల్లగా తిప్పాడు. ముల్లు నెమ్మదిగా లేచింది, ఏడు అంకె దగ్గరకొచ్చేసరికి బెదిరిన మేకలా గెంతింది. అక్కడ కార్బన్ అరిగి రేకుకు ఆనిక లేకుండా పోయింది. రొసెందో బతికున్నన్నాళ్లూ నాబ్‌ను ఏడు మీదే ఉంచేవాడు. మనిషి పోయినా ఆయన మొండితనం పట్టీ మీద మిగిలిందనుకుంటే నికనోర్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

కొత్తవి బిస్కెట్ల డబ్బాలో రెండే ఉన్నాయి, కవల పిల్లల్లా ఒక్కలాగే. కానీ అవి ఒక్కటి కావు. ఒకటి A రకం, ఒకటి B రకం. ఆ అక్షరాలు ఇప్పుడు లేవు. ఇదే పెరట్లో తనూ రొసెందో కూర్చుని వాటిని బ్లేడుతో గీకేశారు. పికో వాళ్లంతా అంతే. వేరే పేటవాడికి పాట పేరు తెలియకూడదని రికార్డు మీది కాగితం గీకేస్తారు. వీళ్లిద్దరూ ఇంకో ఆకు ఎక్కువే చదివారు, ఆంప్లిఫయర్ లోపలి సామాను మీద రాతలు కూడా ఉంచలేదు. ఏది ఏదో నికనోర్ బిగించి, విని, చెవితో తేల్చేవాడు. అప్పట్లో ఆ చెవికి పేటంతా దణ్ణం పెట్టేది.

చేతికందిన మొదటిదాన్ని మీటరుకు తగిలించాడు. ముల్లు ఎక్కడా గెంతకుండా ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా పోయింది. అంతే చాలనుకున్నాడు. సగం తిప్పినప్పుడు ముల్లు ఏ అంకె దగ్గరుందో చూడలేదు. ఓపిక లేదు. టంకం పెట్టి బిగించి, మూత పక్కన పెట్టి, గిటారు పాట రికార్డొకటి వేశాడు.

"కొమాద్రే, మెల్లగా మూడు దాకా తిప్పు."

మూడు అంటే మనుషులు కబుర్లు చెప్పుకోగలిగేంత చప్పుడు. ఆమె తిప్పింది.

పాట నికనోర్ చెవిలో పడింది. గిటారు తీగ, గాయకుడి ఊపిరి, అన్నీ. మూడు మీద ఉండగా పాట వినబడి ఎన్నాళ్లయింది. అతని మొహం విప్పారింది. కళ్లు మూసుకుని తల ఊపాడు.

కళ్లు తెరిచేసరికి ఫెలిసియానా ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేత్తో నాబ్‌ను సున్నాకి తిప్పుతోంది. కోళ్లు గోడెక్కాయి. పక్కింటి మన్యే డామినోలు ఆడుతున్నవాడల్లా కంచె మీంచి తల పెట్టాడు.

"నికనోర్, మమ్మల్ని చంపాలనుంటే నెమ్మదిగా చంపవయ్యా, ఆట గెలవబోతున్నా," అన్నాడు.

ఫెలిసియానా నవ్వలేదు. నికనోర్ మొహంలో ఇంకా ఆరని నవ్వును చూస్తోంది.

"ఎప్పట్నించి?" అంది.

"ఏమిటి?"

"నా దగ్గరా దాపరికం? ఎప్పట్నించి వినబడట్లేదు?"

"రొసెందో పోకముందు నుంచే," అన్నాడు, నేల చూస్తూ. "ఆయనకి తెలుసు."

ఆమె కుర్చీలో కూలబడింది. అతని కుర్చీలోనే. ఆమెకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ రెండేళ్లుగా ఎండలో వానలో ఈ మనిషి జనం కాళ్లు చూస్తూ కూర్చున్నాడని తట్టేసరికి ఆ కోపానికి నిలబడే చోటు దొరకలేదు.

"పాపిష్ఠివాళ్లు, ఇద్దరూ ఇద్దరే," అంది. "సరే, ఇదెందుకలా అరిచిందో చెప్పు."

నికనోర్ రెండోదాన్ని మీటరుకు తగిలించి, ఈసారి సరిగ్గా సగంలో ఆపాడు. ముల్లు పదో వంతు దగ్గరే ఆగిపోయింది.

"చూశావా? నేను బిగించింది సగం తిప్పితే సగం ఇచ్చేది. మీటరుకది న్యాయమే. చెవికి మాత్రం మొదట్లోనే మోత, తర్వాత ఎంత తిప్పినా తేడా ఉండదు. ఇది మొదట్లో పిసినారి, చివర్లో ధర్మరాజు. వాల్యూముకు ఇదే కావాలి."

"అది తెలియాలంటే?"

అతను పెన్ను అడిగి తీసుకుని, ఆ రెండో డబ్బీ వీపు మీద A అని పెద్దగా రాశాడు. రొసెందో చూస్తే చెయ్యి విరిచేవాడు. మొదటిదాన్ని ఊడదీసి దీనికి టంకం పెట్టి లేచేసరికి మోకాళ్లు కటకటమన్నాయి. అది కూడా అతనికి వినబడలేదు, తెలిసింది.

ఫెలిసియానా కుర్చీలోంచి లేవలేదు. అతనూ లెమ్మనలేదు. పెట్టె వెనక్కి వెళ్లి చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె సున్నా నుంచి ఏడు దాకా మెల్లగా తిప్పింది. చెక్క అరచేతిలో వణికింది.

"బరబర ఉందా?" అన్నాడు.

ఆమె తల ఎత్తి, అతనికి పెదాలు కనబడేలా తిరిగింది. "లేదు, కొంపాద్రే."

'నాకూ అంతే' అని అతనంటే ఆమె రెండేళ్లు నమ్మింది. ఇప్పుడు నమ్మడం అతని వంతు. మూత అందుకుని మరలు బిగించడం మొదలుపెట్టాడు.