అమ్మమ్మ నాటి రమ్ము జాడీ

జమైకా దక్షిణ తీరాన్ని ఊడ్చేసిన తుఫాను ఐసిల్డా ఇంటికప్పును ఎగరేసుకుపోయింది, మొగుడు ఆస్బర్న్‌ను పొట్టన పెట్టుకుంది. బురదలోంచి చెక్కుచెదరకుండా బయటపడింది అమ్మమ్మ నాటి జాడీ ఒక్కటే. పోయిన క్రిస్మస్‌నాడు ఎండుద్రాక్ష రమ్ములో నానబోసి, దాని మూత బిగించింది ఆస్బర్నే. ఈ ఏటి కేకు తిన్న పూటే వచ్చే ఏటి కేకుకి నానబోయడం ఆ ఇంటి ఆచారం. ఆ జాడీ ఏనాడూ ఖాళీగా పొద్దు చూడలేదు.

ఈ క్రిస్మస్‌కి ఆ జాడీలోని ఎండుద్రాక్షంతా వేసి, కేకు బొగ్గుల కుంపటి మీదే కాల్చారు. అక్కాచెల్లెళ్లిద్దరూ టార్పాలిన్ కింద కూర్చుని తిన్నారు.

"అడుగు మాడిందే అక్కా," అంది చెల్లెలు మెర్టెల్.

"ఆయనుంటే మాడిన ముక్కే నాదనేవాడు. నోరు మూసుకుని తిను."

మెర్టెల్ నవ్వుతూ సంచిలోంచి పొట్లం తీసింది. "పొద్దుటినుంచీ లైన్లో నిలబడి తెచ్చానే, ఎండుద్రాక్ష. రమ్ము కూడా సగం సీసా ఉంది. పద, పోసేద్దాం."

"ఎవరికి?"

"ఎవరికేమిటే? వచ్చే క్రిస్మస్‌కి!"

ఐసిల్డా లేచి నీళ్లు తెచ్చింది. జాడీని సబ్బుతో రెండుసార్లు తోమి, తడి లేకుండా తుడిచింది. మెర్టెల్ పొట్లం విప్పుకుని కూర్చుంది.

తుఫాను నాటి నుంచి ఊళ్లో కరెంటు లేదు. దీపాలకని తెచ్చిన డబ్బా మూలనుంది. ఐసిల్డా దాన్ని ఎత్తి, జాడీ నిండా కిరసనాయిలు పోసింది.