తాళం వెనక పండిన టమాటాలు

టైలరమ్మ కుట్టుమిషను మేడమీది గదిలో, కిటికీకి ఆనుకుని ఉండేది. ఆ కిటికీ కింద ఏళ్ళ తరబడి చెత్తకుప్పగా పడి ఉన్న ఖాళీ స్థలాన్ని ఆమె వదిన వీధివాళ్ళందరినీ కూడగట్టి తోట చేసింది. ఇటుక ముక్కలు ఏరించి, మంచి మట్టి పోయించి, తలో మడి పంచింది. ఇళ్ళకు పోగా మిగిలిన కూరలను పొద్దున్నే వీధి మొదట్లో బల్ల వేసి అమ్మేవాళ్ళు. "నీకూ ఒక మడి ఉంచానే, రా" అని వదిన పిలిచినప్పుడల్లా, చేతినిండా పనుందని టైలరమ్మ తప్పించుకునేది.

గొడవల్లా ఎరువు గొయ్యితో వచ్చింది. తొక్కలూ ఆకులూ కుళ్ళబెట్టే ఆ గొయ్యిని సరిగ్గా ఆమె కిటికీ కిందే తవ్వారు. ఒకరోజు ఎప్పుడూ కుట్టించుకునే ఆవిడ కొత్త గౌనును ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేం వాసనమ్మా" అని అక్కడే వదిలేసి పోయింది. టైలరమ్మకు ఒళ్ళు మండింది. కిందికి దిగి వదినతో ఒక్క మాట అంటే సరిపోయేది. అనకుండా మునిసిపల్ ఆఫీసుకు ఫోన్ చేసింది. పేరు చెప్పక్కర్లేదన్నారు. చెప్పలేదు.

గొయ్యి పూడ్పిస్తారనుకుంది. వచ్చినవాళ్ళు, అనుమతి లేకుండా అమ్ముతున్నారంటూ బల్లా కాటా ఎత్తుకెళ్ళి, తోట గేటుకు తాళం వేశారు.

"ఇది బాబాయి పనే," అంది వదిన ఆ సాయంత్రం. వీధి మూల కూరగాయల కొట్టు నడిపే పెద్దాయనను అందరూ బాబాయి అనేవాళ్ళు. తోట వచ్చాక ఆయనకు బేరాలు తగ్గిన మాట నిజమే. "ఇక ఎవరూ ఆ కొట్టు గడప తొక్కొద్దు." అందరితోపాటు టైలరమ్మా తలూపింది.

ఆ తలూపడమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. మిషన్ తొక్కుతూ తలెత్తితే చాలు, గేటు వెనక టమాటాలు పండి, పగిలి, నేల రాలుతూ కనిపించేవి. కిటికీకి తెర వేసుకుంది. వేసుకున్నా కుట్లు వంకరపోతూనే ఉన్నాయి.

ఇంతలో బాబాయి భార్య ఒక పాత చొక్కా పట్టుకుని మేడెక్కి వచ్చింది. "కాలరు తిరగేసి కుట్టిపెట్టమ్మా." చొక్కా ఇచ్చాక కూడా కదలలేదు. "ఆయనకేం తెలీదమ్మా. కొట్లో కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. నువ్వు చెప్తే మీ వదిన వింటుంది."

"చూద్దాం పిన్నీ" అంది టైలరమ్మ, చొక్కా మడతపెడుతూ. ఆ మాత్రానికే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, చేతులు పట్టుకుని మరీ వెళ్ళింది.

ఇక ఉండబట్టలేక టైలరమ్మ వదిన ఇంటికి నడిచింది.

"వదినా, ఆ ఫోన్ చేసింది నేను."

వదిన ఉల్లిపాయలు తరగడం ఆపింది. "ఏ ఫోను?" అని అడిగి, జవాబు రాకముందే అర్థమై, కత్తి కింద పెట్టింది. "ఒక్క మాట నాతో అని ఉంటే గొయ్యి అవతలికి జరిపించేదాన్ని కదే."

"తెలుసు."

"తెలిసే చేశావా?" వదిన చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. "నాకు చెప్పి ఏం లాభం, పద."

బాబాయి వాడిన పాలకూర కట్టల మీద నీళ్ళు చల్లుతూ, టైలరమ్మ చెప్పిందంతా విన్నాడు. తిట్టలేదు.

"నేనూ చేద్దామని నంబరు నొక్కానమ్మా," అన్నాడు చివరికి. "మళ్ళీ మీ మొహాలు ఎలా చూస్తానని పెట్టేశాను."

తిట్టినా ఆమెకు అంతగా తగిలేది కాదు.

తర్వాత వదినా బాబాయీ కలిసి ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆయన కొట్టుకు లైసెన్సు ఉంది కాబట్టి, తోట కూరలు అక్కడే అమ్మే ఒప్పందం మీద తాళం తీశారు. టైలరమ్మ ఒక మడి తీసుకుంది. అవతలి మూలన కొత్త గొయ్యి తనే తవ్వింది. "బాబాయి కాదు, నేనే తొందరపడి నోరు జారాను" అని వదిన వీధిలో అందరికీ చెప్పింది. మరెవరని అడిగితే, "ఎవరైతేనేం" అంది. టైలరమ్మతో మాట్లాడుతుంది గానీ, టీ తాగడానికి మేడెక్కడం మానేసింది.

"మీ వదినా మరదళ్ళు పూనుకోబట్టి తోట దక్కింది" అని పక్కమడి ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది. అన్నప్పుడల్లా టైలరమ్మ నోరు తెరుస్తుంది, మూస్తుంది, ఇంకాస్త వంగి కలుపు తీస్తుంది.