పనికిరాదని రాసిన టేపు

నెలలో రెండో ఆదివారం సమావేశ మందిరానికి వెళ్లేటప్పుడు హిమి అనే ఆ రేవు ఊళ్లో ఎవరూ గొడుగు మరిచిపోరు. బయట ఎండ మండిపోతున్నా సరే. ఆ మధ్యాహ్నం వీడియో సంఘం వాళ్లు తాము సరదాకి తీసినవన్నీ వేసుకుని చూసుకుంటారు. తొకుజి తీసిన టేపు పెడితే అందులో వాతావరణం ఎలా ఉంటే గదిలోనూ అలాగే ఉంటుంది. వానొస్తే చాపలు తడుస్తాయి. ఒకుమురా వాళ్ల కోడలైతే తడిబట్టలు బుట్టతో సహా తెచ్చుకుని, "ఆ ఆగస్టు ఎండ టేపు ఓ పావుగంట వెయ్యండి బాబాయ్, పిల్లదాని యూనిఫాం ఆరలేదు" అని మొహమాటం లేకుండా అడిగేది.

తొకుజి ముప్పయ్యెనిమిదేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాడు. వీడియో తీయడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆయన తీసిన సముద్రం ఎప్పుడూ ఎడమవైపుకి ఒరిగి ఉండేది. కానీ కెమెరా మాత్రం పిసరంత కూడా వణికేది కాదు. ఎర్ర బటన్ నొక్కే ముందు గుండెల నిండా గాలి పీల్చి, మళ్లీ నొక్కి ఆపేదాకా వదిలేవాడు కాదు. ఆపాక మాత్రం బుస్సుమని వదిలేవాడు. అప్పటికి మొహం వంకాయ రంగుకి తిరిగేది.

ఆయన పోయి నాలుగు నెలలైంది. భార్య హరుయె కోసం నగోయాలో చెల్లెలు ఓ గది సర్ది ఉంచింది. సోమవారం ప్రయాణం. శనివారం నుమాత వచ్చి టేపులన్నీ సంఘానికి పట్టుకెళ్తాడు. నుమాత సంఘానికి పెద్ద, తొకుజికి చిన్ననాటి నేస్తం. ఈలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, భర్తని చూసుకోవాలని హరుయె ప్రాణం కొట్టుకులాడుతోంది.

నూట పన్నెండు టేపులు. కొతాత్సు బల్ల కింద కాళ్లు వెచ్చబెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. వానకి తడిసింది, ఎండకి ముక్కు కమిలింది, గదిలో పడ్డ మంచుని చేటలోకి ఎత్తి పారబోసింది. ఎందులోనూ ఆయన లేడు. కెమెరా పట్టుకున్నవాడు కనపడడు సరే, మాటైనా వినిపించాలి కదా? ఊపిరి బిగబట్టిన మనిషికి మాటెక్కడిది?

"ఏం మనిషండీ మీరు! ఊళ్లో కొంగలన్నీ ఉన్నాయి, మీరొక్కరే లేరు" అని టీవీని తిట్టి, ఏడ్చింది.

శుక్రవారం సాయంత్రం బియ్యపు బిస్కెట్ల డబ్బాలో ఇంకో టేపు దొరికింది. మిగతావాటి మీద ఊరు, తేదీ చిరునామాలా పొందిగ్గా ఉంటాయి. దీనిమీద ఒకటే మాట, "పనికిరాదు". చేరవలసిన చోటు తెలియని ఉత్తరాన్ని కూడా పారేయని అలవాటు ఆయనది. అందుకే ఇదీ మిగిలింది.

పెట్టగానే గదిలో మాఘమాసపు చలి కమ్మింది. తెరమీద గులకరాళ్లు, ఆయన బూట్లు, తలకిందులైన రేగు కొమ్మ. హరుయెకి కాసేపటికి సంగతి అర్థమైంది. ఆ రోజు బటన్ ఒకసారి ఎక్కువ నొక్కి ఉంటాడు. ఇక అక్కణ్ణుంచి తీస్తున్నాననుకున్నప్పుడల్లా ఆగిపోయింది, ఆపాననుకున్నప్పుడల్లా కెమెరా తీసింది.

అంటే ప్రతి ముక్కా ఆయన ఊపిరి వదలడంతోనే మొదలవుతోంది.

బుస్సు. టీవీలోంచి తెల్లటి ఆవిరి వచ్చి హరుయె కళ్లజోడు మీద పరుచుకుంది. వెచ్చగా, కాస్త పొగాకు వాసనతో. ఆమె అద్దాలు తుడుచుకోలేదు.

"ఏదో రోజు ఇలాగే చస్తావోయ్! గాలి పీల్చు" అంటోంది నుమాత గొంతు.

"ఊపిరి ఆడితే చెయ్యి ఊగుతుంది. చూసేవాళ్లకి మధ్యలో నేనెందుకు అడ్డం?" తొకుజి రొప్పుతున్నాడు. "హరుయే, ఇదిగో, ఒక్కసారి నువ్వు పట్టుకో. నేనలా చెట్టుకింద నిలబడతాను."

"అమ్మో, నాకు రాదండీ." అది తన గొంతే. "వచ్చే ఏడు చూద్దాం. ముందు టీ తాగండి, చల్లారిపోతోంది."

ఈ మాట తను అన్నట్టు హరుయెకి జ్ఞాపకమే లేదు. ఆయన అడిగింది అంత చిన్న కోరిక. టేపు వెనక్కి తిప్పి, ఆ ఆవిరిలో మొహం పెట్టి, తెల్లారేదాకా అలాగే కూర్చుంది.

శనివారం నుమాత అట్టపెట్టెలతో వచ్చేసరికి ఆవిడ కెమెరా ఒళ్లో పెట్టుకుని ఉంది.

"నుమాత గారూ, ఏది నొక్కాలి?"

"ఎర్రది. మరి సోమవారం రైలు?"

"చెల్లెలికి ఫోన్ చేశాను. రానన్నాను."

నుమాత చేతిలో పెట్టెలు కిందపెట్టాడు. "సరే, ఊపిరి బిగబట్టండి వదినా. లేకపోతే ఊగుతుంది."

"బిగబట్టను" అంది హరుయె.

మార్చి రెండో ఆదివారం మందిరంలో ఆవిడ తీసింది వేశారు. రేవు గంగాళంలో నీళ్లలా ఊగిపోయింది. "వదినా, మాకు కళ్లు తిరుగుతున్నాయి" అని వెనకనుంచి ఎవరో మూలిగారు. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ మెడ తడుముకున్నారు. వానా లేదు, మంచూ లేదు. వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు, హరుయె బిగబట్టని ఆ వెచ్చటి ఊపిరి తగులుతోంది, తగులుతూనే ఉంది.

హరుయె చివరి వరసలో కూర్చుని, టేపు పెట్టెమీద ఊరు, తేదీ రాసింది. కింద తన పేరు కూడా రాసుకుంది.