కీపరు నిలుచున్న చోటు

వికెట్ల వెనుక కీపరు ఎంత దూరాన నిలబడాలన్నది ఏ నియమావళిలోనూ వ్రాసి ఉండదు. బౌలరు వేగాన్ని, పిచ్ స్వభావాన్ని బట్టి అతడే నిర్ణయించుకొంటాడు. బ్యాటు అంచుకు తగిలి వచ్చే బంతుల కోసం పక్కన స్లిప్‌లో నిలబడేవాడు కీపరును చూసి తన చోటు నిర్ణయించుకొంటాడు. కీపరు మడమల వరుసకు తన కాళ్ళు చేర్చి ఆగిపోతాడే గాని, ఇక్కడెందుకు అని అడగడు. అడిగితే అది అవమానం.

రెండు నెలలుగా ఆ జట్టు కీపరు తాను నిలబడవలసిన చోటికి రెండడుగులు వెనుకగా నిలబడుతున్నాడు. ఆ సంగతి అతడు తప్ప ఎవరూ ఎరుగరు.

కారణం అతడి కుడికన్ను. ఊరికి అవతలి కొసన, తనను ఎవరూ గుర్తుపట్టని వీధిలో ఒక కంటి డాక్టరుకు చూపించుకొన్నాడు. చూపు నడిమధ్యన మచ్చ ఏర్పడిందనీ, అది అద్దాలతో పోయేది కాదనీ ఆయన తేల్చాడు. “మీరేం చేస్తుంటారు?” అని అడిగితే, “బట్టల వ్యాపారమండీ” అన్నాడు కీపరు. “అయితే దిగులెందుకు? ఇంకో ముప్ఫై ఏళ్ళు నిశ్చింతగా చేసుకోండి” అన్నాడు డాక్టరు.

బంతి బ్యాటును దాటిన తరువాత రెప్పపాటు కాలం కనబడకుండా పోయేది. వెనుకకు జరిగితే ఆ రెప్పపాటు అతడికి తిరిగి దక్కేది. నడుము ఎత్తున చేతికి రావలసిన బంతి మోకాళ్ళ దిగువన వచ్చేది, అయినా వచ్చేది. బ్యాటింగులో లోపం మరికొంత దాగింది. ఏడవ స్థానంలో దిగి, బౌలరు మణికట్టును చదివి, కనబడని క్షణాన్ని అలవాటుతో పూడ్చుకొంటూ, ఇరవయ్యో ముప్ఫయ్యో పరుగులు చేసి వచ్చేవాడు.

పదహారవ ఏట తొడిగిన గ్లవ్స్ అవి. ఇప్పుడు ముప్ఫై అయిదు. తోటివారు అతడిని ‘తాళం’ అని పిలిచేవారు, అతడిని దాటి ఏదీ పోదని. రెండుసార్లు జాతీయ జట్టుతో ప్రయాణమై, రెండుసార్లూ ఇతరులకు నీళ్ళసీసాలు అందించి తిరిగివచ్చాడు. అయినా ఈ పని తప్ప మరొకటి చేతకాదు; చేయాలన్న కోరికా లేదు. ఈ మ్యాచ్ ముగిసిన మరునాడు సెలక్షన్ కమిటీ కూర్చొని రానున్న రెండేళ్ళకు జట్టును ఖాయం చేస్తుంది. అతడి పేరు ఖాయమేనని ఛైర్మన్ స్వయంగా భుజం తట్టి చెప్పాడు.

ఖాయం కానిది అతడి బావమరిది పేరు. భార్యకు తమ్ముడు, అదే జట్టులో స్లిప్ ఫీల్డరు. ఈ రెండు నెలలలో బ్యాటు అంచుకు తగిలిన నాలుగు బంతులు అతడి కాళ్ళ ముందు నేలకు తగిలి, ఆపైన చేతుల్లోంచి జారిపోయాయి. అతడి చేతులు మందగించాయని కమిటీ అభిప్రాయం.

మ్యాచ్ ఆరంభమయ్యే రోజు ఉదయం భార్య వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఆ ప్రస్తావన తెచ్చింది.

“తమ్ముణ్ణి తీసేస్తారటగా?”

“ఎవరన్నారు?”

“వాడే ఫోన్ చేశాడు. ఒకటే నవ్వు. వాడు అంతలా నవ్వాడంటే ఏడ్చినట్టే లెక్క. ఏమండీ, మీ మాట అక్కడ చెల్లుతుంది కదా, ఛైర్మన్‌గారితో ఓ ముక్క చెప్పకూడదూ?”

“చూద్దాం.”

“చూద్దాం కాదు, చెప్పండి. పక్కనే నిలబడేవాళ్ళు, వాడి చేతుల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?”

అతడు కాఫీ సగంలో వదలి లేచాడు.

మధ్యాహ్నం రెండవ ఓవరులోనే బ్యాటు అంచున బంతి తగిలింది. తగిలించినవాడు ప్రత్యర్థులలో మేటి. బంతి నేరుగా స్లిప్ వైపుకే వెళ్ళి, అడుగు ముందర గడ్డిలో పడింది. బౌలరు పిచ్ మధ్యలో రెండు చేతులూ నెత్తిన పెట్టుకొన్నాడు. ఆ పొడుగు మనిషిని అందరూ ‘నిచ్చెన’ అనేవారు.

“ఏం బాబూ, స్లిప్‌లో నిలబడ్డావా, మంచమేసుకుని పడుకున్నావా? దిండు కూడా పంపమంటావా?” అని అరిచాడు నిచ్చెన.

“నువ్వు కాస్త గట్టిగా వెయ్యి, దిండు నేనే తెచ్చుకుంటా” అన్నాడు బావమరిది. నవ్వు ముఖానికి అతికించినట్లున్నది. తరువాత అతడు కీపరు వంక చూడకుండానే రెండడుగులు ముందుకు నడిచి నిలబడ్డాడు.

స్లిప్ ఫీల్డరు కీపరు కన్న ముందు నిలబడడమంటే, ఆ కీపరును నమ్మడం లేదని మైదానం నడుమ చాటడమే. బాల్కనీలో కూర్చొన్న ఛైర్మన్‌కు సైతం అది కనబడుతుంది.

“వెనక్కి రా” అన్నాడు గొంతు తగ్గించి.

“నువ్వే ముందుకి రా బావా.”

“ఎవడి చోటు ఎక్కడో నాకు నేర్పుతున్నావా?”

“నేర్పడం లేదు. బతిమాలుతున్నాను. ఇంకొకటి ఇలా పడితే నా పని అయిపోతుంది. నీకు తెలుసు.”

అది చూసి కెప్టెన్ పరుగున వచ్చాడు. కీపరు కన్న ఏడేళ్ళు చిన్నవాడు.

“ఏంటన్నా ఇది? అక్క పెళ్ళినాటి తగాదా ఇక్కడ తేల్చుకుంటున్నారా? వీడెందుకు ముందుకొచ్చాడు?”

బావమరిది, బావ చెప్పవలసిన మాట తాను చెప్పకూడదన్నట్లు నేల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్యాదే కీపరును మరింత హింసించింది. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కాని ఆ వాక్యం తరువాత ఏమున్నదో అతడికి ఊహకందలేదు. రేపు ఉదయం ఎక్కడికి వెళ్ళాలి, ఏమని లేవాలి, ఏదీ తోచలేదు.

“వాడికి కంగారెక్కువైంది” అన్నాడు. “అంత దగ్గర నిలబడితే ఇంకా వదిలేస్తాడు. బౌండరీకి పంపు.”

చెప్పిన గొంతు తనదేనా అని తనకే అనుమానం కలిగింది. బావమరిది తల ఎత్తి ఒక్క క్షణం చూశాడు. కోపం లేదు, ఎవరో తెలియని మనిషిని వీధిలో చూసినట్లు చూశాడు. తరువాత వెనుదిరిగి, బౌండరీ తాడు వరకు తిన్నగా నడిచి వెళ్ళిపోయాడు.

కవర్‌లో ఉండే ఫీల్డరు స్లిప్‌కు వచ్చాడు. “అన్నా, నాకిక్కడ కొత్త. నువ్వెక్కడుంటే నేనక్కడ” అని, కీపరు మడమను చూసి, జానెడు అటూ ఇటూ జరిగి, సరిగ్గా వరుసలో కుదురుకొన్నాడు. “సరిపోయిందా?”

“సరిపోయింది.”

రెండు బంతులు వెళ్ళాయి. ఆ మనిషి ప్రతి బంతికీ ముందు కీపరు పాదాలను చూసి, తన పాదాలను చూసుకొనేవాడు. ఇతడి కాళ్ళ ముందు రేపొకటి పడుతుంది, ఎల్లుండి మరొకటి పడుతుంది; ఇతడి చేతులు కూడా మందగించాయని కమిటీ తీర్మానిస్తుంది. ఇతడి తరువాత ఇంకొకడు వచ్చి ఇలాగే పాదాలు చూసుకొంటాడు.

మూడవ బంతికి నిచ్చెన పరుగు మొదలు పెట్టబోతుండగా కీపరు లేచి నిలబడి, చేయి చూపి ఆపాడు. రెండడుగులు ముందుకు నడిచాడు. స్లిప్‌లోని మనిషి అతడి మడమలు చూసి తానూ రెండడుగులు నడిచాడు.

బంతి బ్యాటు అంచును తాకిన చప్పుడు స్పష్టంగా వినవచ్చింది. ఆపైన బంతి లేదు. ఉండవలసిన చోటికి చేతులు వెళ్ళాయి, పంతొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ. కాని అరచేతి అంచుకు ఏదో కొట్టుకొని, భుజం మీదుగా వెనుకకు పోయింది. నడుము ఎత్తున, నేరుగా వచ్చిన క్యాచ్. కొత్తగా నేర్చుకొనేవాడు సైతం వదలని క్యాచ్. మైదానంలో ఎవరూ తిట్టలేదు.

కెప్టెన్ దగ్గరకు వచ్చేసరికి అతడు గ్లవ్స్ విప్పి పట్టుకొని ఉన్నాడు.

“తప్పు వాడిది కాదు. రెండు నెలల నుంచి నేను వెనక నిలబడుతున్నాను. ముందుకొస్తే నాకు బంతి కనిపించదు. కుడికన్ను పోయింది. ఆ నాలుగు క్యాచ్‌లూ నా వల్లే నేల మీద పడ్డాయి. వాణ్ణి పిలువు.”

కెప్టెన్ బాల్కనీ వైపు ఒకసారి చూశాడు. తరువాత అతడి బొటనవేలు పట్టుకొని, పరీక్షిస్తున్నట్లు నటిస్తూ, గుసగుసగా అన్నాడు: “వేలికి దెబ్బ తగిలిందని చెప్పన్నా. అంపైర్‌ని నేనడుగుతాను, రిజర్వ్ కీపర్ వస్తాడు. నువ్వెళ్ళి ఐసు పెట్టుకుని కూర్చో. మిగతాది తరవాత చూసుకుందాం. ఎవరికీ ఏం తెలియదు.”

వేలికి ఏమీ కాలేదు. ఔనంటే చాలు, దెబ్బతో గౌరవంగా మెట్లెక్కవచ్చు.

“దెబ్బ లేదు.”

“ఉందని చెప్పమంటున్నాను.”

“చాలు. ఒక్కరోజుకి ఒక్క అబద్ధం చాలు.”

“అయితే ఏం చెయ్యమంటావు?” అన్నాడు కెప్టెన్. “దెబ్బ లేకుండా బయటి మనిషి కీపింగ్‌కి రాడు. మనలో గ్లవ్స్ మొహం చూసినవాడు ఒక్కడు లేడు. సాయంత్రం దాకా నువ్వే చెయ్యాలి. ఇక్కడే నిలబడి చెయ్యాలి. అందరూ చూస్తారు.”

“చూడనీ.”

కెప్టెన్ తాడు వైపు చేయి ఊపాడు. బావమరిది పరుగెత్తుతూ వచ్చాడు. కెప్టెన్ నాలుగు మాటలలో విషయం చెప్పి, కొత్తవాణ్ణి తిరిగి కవర్‌కు పంపి వెళ్ళిపోయాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

“అక్కకి తెలుసా?”

“తెలియదు.”

“ఎంత దాకా కనిపిస్తుంది?”

“బ్యాటు దాకా.”

“ఆ తరవాత?”

కీపరు చేతిలోని గ్లవ్స్ వంక చూశాడు. బావమరిది ముక్కు తుడుచుకొన్నాడు.

“నిన్ను తిట్టాలి బావా. చాలా ఉంది. సాయంత్రం తిడతాను.”

“సరే.”

ఆ రోజుకు ఇంకా నలభై మూడు ఓవర్లు మిగిలి ఉన్నాయి. బాల్కనీలో ఛైర్మన్ లేచి నిలబడి పక్కవారితో ఏదో అంటున్నాడు. కీపరు గ్లవ్స్ తొడుక్కొని, మోకాళ్ళు వంచి కూర్చొన్నాడు. దూరాన నిచ్చెన వెనుదిరిగి పరుగందుకొన్నాడు. అతడి చేయి పైకి లేవడం, వేళ్ళ నడుమ ఎర్రటి బంతి, దాని మీది కుట్లు, అన్నీ స్పష్టంగా కనిపించాయి. బ్యాటు వెనుకకు లేచింది. కీపరు కళ్ళు పెద్దవి చేశాడు.