నరకంలో మంట ఆగినప్పుడు

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. నరకంలో మంటలు మండించడం నా ఉద్యోగం.

పుట్టడం మాత్రం ఇందుకోసం పుట్టలేదు. ఎక్కడో సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో నాకు మరలు బిగించి, అట్టపెట్టెలో పడుకోబెట్టి పంపించారు. మొదట ఒక ఇంజనీరింగు కుర్రాడి దగ్గర చేరి, చదువు పేరుతో అతను ఆడిన కారు పందేలన్నీ నడిపాను. తరవాత రేపల్లెలో ఒక ఫొటో స్టూడియోకి వచ్చి పెళ్లికొడుకుల ముఖాలు తెల్లబరిచాను. కొందరినైతే ఆల్బమ్‌లో కన్నతల్లులే పోల్చుకోలేకపోయారు. అక్కడినుంచి సదాశివం మాస్టారి చేతికి వచ్చాను. ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు, సాయంత్రాలు నాటక సమాజానికి దర్శకుడు.

ఆ ఏడాది పొన్నూరులో జరిగే పోటీలకి ఆయన తయారుచేస్తున్న నాటకం ‘నరకంలో ఆదివారం’. చచ్చిపోయిన ఒక ఇల్లాలు, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాననీ, అది దించి వస్తే తప్ప నరకంలో అడుగు పెట్టననీ యముడితో పేచీ పెట్టుకుంటుంది. అదీ కథ. వెనక తెర మీద మంటలు లేవాలి, ఉరుములు ఉరమాలి, దున్నపోతు రంకె వెయ్యాలి. అవన్నీ నా కడుపులోనే ఉన్నాయి.

నేను నెమ్మదించానని సదాశివం బావమరిది కిరీటి ఒక ఆదివారం నన్ను ముందేసుకుని, పాత సిస్టమ్ అంతా తుడిచేసి కొత్తది ఎక్కించాడు. లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది. కానీ ఒక కొత్త జబ్బు పట్టుకుంది. చక్కగా నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయేదాన్ని. గుటక వేసినంతసేపు ఏమీ తెలిసేది కాదు. మళ్లీ ఏమీ జరగనట్టు నడిచేదాన్ని. నాకు గుటకే గానీ, ఆ కాసేపూ ఉరుము ‘ఢ’ దగ్గర ఇరుక్కునేది, దున్నపోతు నోరు తెరిచి మూసేది కాదు, గద ఎత్తిన యముడు ఎత్తినట్టే నిలబడేవాడు.

ఇక మొదలైంది వైద్యం. వైరస్ అని ఒకరంటే వైరస్‌ని వెతికే ప్రోగ్రామ్ పెట్టారు. అది వెతుకుతూ వెతుకుతూ తనే ఆగిపోయింది. వేడి అని టేబుల్ ఫ్యాను పెట్టారు. దుమ్ము అని సైకిల్ పంపుతో గాలి కొట్టారు. యమభటుడి వేషం వేసే రైసుమిల్లు గుమస్తా నన్ను ఈశాన్యం వైపు తిప్పించాడు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేస్తూ ఇల్లాలి వేషం వేసే హైమావతి నా అడుగున అరచెయ్యి పెట్టి చూసి, “జ్వరం లేదు మాస్టారూ” అంది. యముడి నాటకం ఆడిస్తున్నాం కాబట్టి శాంతి చెయ్యాలని ఎవరో అన్నారు. నా మూతకి నిమ్మకాయ కట్టారు. నిమ్మకాయతో కూడా నేను ఆగాను.

సదాశివానికి ఇంకో దిగులు ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. యముడి వేషం పేరయ్య గారిది. రిటైరైన బస్సు కండక్టరు. సదాశివం ముఖానికి మొట్టమొదట రంగు పూసింది ఆయనే. ఈమధ్య ఆయనకి మాట మధ్యలో మాట జారిపోతోంది. ఒకరోజు రిహార్సల్ అయ్యాక ఇంటికి ఏ సందు తిరగాలో అడిగాడు. వేషం ఇంకొకరికి ఇద్దామని సమాజం పెద్దలు నెమ్మదిగా కదిపితే, ఆయన లేకపోతే నాటకమే వద్దన్నాడు సదాశివం. ఆ మాట అంటున్నప్పుడు నా కెమెరా కన్ను ఎదుటే ఉన్నాడు. గొంతు గట్టిగానే ఉంది గానీ ముఖం అలా లేదు.

నన్ను బాగుచెయ్యలేక చివరికి నాటకాన్నే బాగుచేశాడాయన. నేను ఆగితే అందరూ ఆగాలి, నేను కదిలితే అందరూ కదలాలి. ఉరుము ఇరుక్కుంటే అందరికీ వినిపిస్తుంది. కానీ నరకద్వారం ఘట్టంలో మంటకి చప్పుడు ఉండదు. తెర వైపు తిరిగి ఉండేది యముడొక్కడే. కాబట్టి అక్కడ పేరయ్య గారు ఆగితే అందరూ ఆగాలని నిబంధన. ఇల్లాలు గరిటె ఎత్తి, భటులు ఒంటికాలి మీద కొంగల్లా ఆగడం అంతా సాధన చేశారు. బాగానే కుదిరింది. చూసినవాళ్లు ఇదేదో కొత్త ప్రయోగం అనుకున్నారు.

పోటీ రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు కిరీటి ఒక్కడూ నా దగ్గర కూర్చున్నాడు. ఇన్నాళ్లూ తిట్లు తిన్నవాడు, పట్టుదలగా వెతికాడు. కొత్త సిస్టమ్ కరెంటు ఆదా చెయ్యాలని, కాస్త సందు దొరికితే చాలు నా డిస్క్‌ని నిద్రపుచ్చుతోంది. అది ఉలిక్కిపడి లేచేదాకా మిగతా ఒళ్లంతా కాచుకు కూర్చోవాలి. కిరీటి ఆ ఆదా మానిపించాడు, నా డిస్క్‌కి సరిపడే డ్రైవర్ ప్రోగ్రామ్ వేశాడు. జబ్బు పోయింది. నాటకం అయ్యాక అందరిముందూ చెప్పి మెప్పు పొందాలని ఆ సంగతి మనసులోనే దాచుకున్నాడు.

నాటకం మొదలైంది. ఉరుము ఉరిమినట్టే ఉరిమింది. ఎప్పుడు ఆగాలో తెలియక భటులు ఊరికే బిగుసుకుని ఉన్నారు. నరకద్వారం దాకా వచ్చాం. యముడు మంటల వైపు తిరిగి, “తలుపు తియ్యండిరా!” అన్నాడు. అని ఊరుకున్నాడు.

నిబంధన ప్రకారం గరిటె ఆగింది. భటులు ఒంటికాలి మీద నిలిచారు. నేను మాత్రం ఆగలేదు. తెర మీద మంట నిండా ఆరోగ్యంతో ఎగసిపడుతోంది.

పక్క తెర చాటున, నా ఎదుట కూర్చున్న సదాశివం మంటని చూశాడు, పేరయ్య గారి వీపుని చూశాడు. ఆగింది ఎవరో అర్థమైంది. ఆయన పెదవులు తరవాతి మాటని చప్పుడు లేకుండా పలికాయి, అది అంతదూరం వెళ్తుందన్నట్టు. తరవాత బొటనవేలు తెచ్చి నా స్పేస్‌బార్, ఆ పొడుగు మీట మీద నొక్కాడు.

నరకంలో మంట ఆగింది.

ఎంతసేపో నేను చెప్పను. ఆ వేలు మాత్రం మీట వదల్లేదు. అప్పుడు వేదిక మీదినుంచి, ఇదివరకు ఏ రిహార్సల్లోనూ వినని మెత్తటి గొంతుతో యముడు అన్నాడు: “ఈవిడ లోపలికి రాదట. నేనే బయటికి వస్తాను.”

వేలు మళ్లీ నొక్కి లేచింది, మంట లేచింది, చప్పట్లు లేచాయి. మాకు రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత ఒకాయన ఆ నిలిచిపోయిన మంట గురించి చాలాసేపు మాట్లాడాడు.

మేకప్ గదిలో పేరయ్య గారు కిరీటం తీస్తూ అన్నాడు: “ఒరే సదాశివా, సరిగ్గా నా డైలాగు మధ్యలోనే చచ్చింది చూశావా నీ మెషీను! పోన్లే, కదలకుండా నిలబడ్డాను.”

“చూశాను బాబాయ్” అన్నాడు సదాశివం. “అంతా మా కిరీటి నిర్వాకం.”

మెప్పు కోసం గుమ్మం దగ్గరే తయారుగా ఉన్న కిరీటి నోరు తెరిచాడు. బావ కళ్లలోకి చూశాడు. తెరిచిన నోటితో వేరే మాట అన్నాడు.

“అవునండీ. ఇంకా ఎక్కడో తేడా ఉంది. రేపు మళ్లీ చూస్తాను.”

పేరయ్య గారు నా దగ్గరికి వచ్చి, రంగు చేతితోనే నా మూత నిమిరాడు. “దాన్నేం అనకండిరా. దానికీ వయసొచ్చింది.”

ఆ తరవాత ఎన్నో ఊళ్లు తిరిగాం. పేరయ్య గారు ఓపిక ఉన్నన్నాళ్లూ యముడి వేషం కట్టాడు. ప్రతి ఊళ్లోనూ ఆ ఘట్టంలో సదాశివం వేలు పొడుగు మీట మీదే ఉండేది. ఇప్పుడు సమాజానికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. నన్ను బీరువా మీద పెట్టి, ‘మధ్యమధ్యలో ఆగిపోవును’ అని చీటీ అంటించారు.

కిరీటి బాగుచేసిన ఆ మధ్యాహ్నం తరవాత నా అంతట నేను ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ చీటీ అంటించింది సదాశివమే.